ఇందిరమ్మ పోయిన నాడు

బారువడ్డీ లెక్క సగంలో ఉండగా అటెండరు వచ్చి లెక్కల సారు చెవిలో ఏదో చెప్పాడు. సారు సుద్దముక్క చేతిలో పట్టుకొని అట్లాగే బయటికి వెళ్ళిపోయారు. బోర్డు మీద అసలు ఆరు వందలు, కాలం మూడేళ్ళు అని రాసిన దగ్గరే లెక్క ఆగిపోయింది. అప్పుడు నేను ఏడో తరగతి. 1984 అక్టోబరు 31, బుధవారం. దీపావళి వెళ్ళి సరిగ్గా వారం. వెనక బెంచీలో ఒకడి జేబులో ఇంకా పేల్చని లక్ష్మీబాంబు ఒకటి ఉండింది. వాడు దాన్ని ఎప్పుడు బయటికి తీస్తాడా అన్నదే మా అందరి ధ్యాస.

కిటికీలోంచి చూస్తే సార్లంతా హెడ్మాస్టరు గది ముందర గుమిగూడి ఉన్నారు. ట్రాన్సిస్టరు బల్ల మీద ఉంది, దాని చుట్టూ వంగిన వీపులు తప్ప మాకింకేమీ కనపడలేదు. మా తెలుగు టీచరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి బెల్లు కొట్టారు. పీరియడు బెల్లు కాదు, బడి వదిలే పొడుగు బెల్లు, పదకొండున్నరకే. మామూలుగా ఆ బెల్లుకి మేం గోల చేస్తూ గేటు దాటేవాళ్ళం. ఆ రోజు లెక్కల సారు వరండాలో నిలబడి, "ఇందిరాగాంధీ గారిని కాల్చిన్రట. ఆస్పత్రిల ఉన్నది. ఎక్కడా నిలవడకుండ ఇండ్లకు పోండ్రి" అన్నారు. ఆ గొంతు విని ఎవరమూ పరిగెత్తలేదు.

మాది సదాశివపేట దాటినంక బొంబాయి సడక్ పక్కన చిన్న ఊరు. అప్పట్లో మెదక్ పార్లమెంటు కిందికి వచ్చేది. ఇది చెప్పకపోతే మా బాధ ఎటువంటిదో అర్థం కాదు. ఇందిరాగాంధీ దేశానికి ప్రధాని, మాకు ఎంపీ. 1980 జనవరి ఎన్నికల్లో ఆమె రాయ్‌బరేలీలో, మెదక్‌లో రెండు చోట్లా గెలిచి, రాయ్‌బరేలీని వదులుకొని మెదక్‌ని ఉంచుకుంది. ఇక్కడ ఆమె మీద నిలబడి ఓడింది జైపాల్ రెడ్డి గారు. ఆ ఎన్నికలప్పుడు మా నాయనమ్మ ఎడ్లబండి కట్టించుకొని సభకు పోయి వచ్చింది. దూరంగా వేదిక మీద తెల్లచీర కనపడిందట, అంతే. అయినా ఆ తెల్లచీర గురించి నాలుగేళ్ళు చెప్పింది. మాకు సర్కారు ఇచ్చిన రెండెకరాల లావణి పట్టా ఉండేది. పట్టా కాగితం మీద తహసీల్దారు సంతకం ఉన్నా నాయనమ్మ లెక్కలో ఆ భూమిని ఇచ్చింది ఇందిరమ్మే. కంది కోసినా, జొన్న కోసినా మొదటి గంప ఎత్తేటప్పుడు ఆ పేరు తల్చుకునేది. ఆ 1984లోనే మాకు దగ్గర్లోని ఎద్దుమైలారంలో ఆయుధ కర్మాగారానికి పునాది పడింది. మా ఊరి పోరగాండ్లందరికీ అందులో నౌకర్లు వస్తాయని ఆమె ధీమా.

మా నాయన దారి వేరు. ఆయన సైకిల్ గుర్తు మనిషి. ఆ ఆగస్టులో గవర్నరు రామ్‌లాల్ ఎన్టీఆర్‌ని దించి నాదెండ్ల భాస్కరరావుని ముఖ్యమంత్రిని చేసినప్పుడు, గుండె ఆపరేషన్ చేయించుకొని అమెరికా నుంచి అప్పుడే వచ్చిన మనిషిని ఇట్లా చేస్తారా అని ఊరు ఊరంతా ఉడికిపోయింది. నాయన పని వదిలి సంగారెడ్డి ధర్నాలకు తిరిగాడు. ఢిల్లీని తిట్టి తిట్టి గొంతు పోగొట్టుకొని వచ్చేవాడు. సెప్టెంబరు 16న ఎన్టీఆర్ మళ్ళీ ముఖ్యమంత్రి అయ్యాక కూడా తల్లీ కొడుకూ మాట్లాడుకోలేదు. అన్నం పెట్టమని చెప్పాలన్నా నాతోనే చెప్పించేవారు.

బడి నుంచి మా ఊరికి సడక్ వెంట రెండు కిలోమీటర్ల నడక. సగం దారిలో సర్దార్జీ దాబా. ఆయన పేరు మాకెవ్వరికీ తెలియదు, అడగాలని కూడా తోచలేదు. ఒకప్పుడు లారీ నడిపేవాడట. కాలు విరిగి స్టీరింగు వదిలేసి, చింతచెట్టు కింద రెండు గదులు వేసుకొని రొట్టెలు కాల్చడం మొదలుపెట్టాడు. నాలుగు నులక మంచాలు, ఒక భట్టి, ఒక పెద్ద కుండ. ఎండలో నడిచి వచ్చే మాకు ఆ కుండ నీళ్ళే ఆధారం. ఒక్కోసారి వేడి రొట్టె నాలుగు ముక్కలు చేసి ఉల్లిగడ్డతో ఇచ్చేవాడు. మా గుంపులో పొట్టివాణ్ణి నేనే కాబట్టి నన్ను "ఛోటే" అనేవాడు. ఏటా కార్తీక పున్నమికి దాబా మూసి బీదర్ గురుద్వారాకు పోయేవాడు. మాకు దీపాలు పెట్టుకునే పండుగ, వాళ్ళకు గురునానక్ పుట్టిన రోజు. తిరిగి వచ్చాక నెయ్యి కారే హల్వా ప్రసాదం మా అరచేతుల్లో పెట్టేవాడు. అది తిన్నాక సాయంత్రం దాకా చెయ్యి వాసన చూసుకునేవాణ్ణి.

ఆ బుధవారం మధ్యాహ్నం ఆయనకు ఆ వార్త చెప్పింది మేమే. పెద్ద వార్తను అందరికంటే ముందు మోసుకుపోతున్నామన్న ఉషారు మాది. దూరం నుంచే అరిచాం: "సర్దార్జీ, ఇందిరాగాంధీకో గోలీ మార్ దియే!"

రొట్టె చేస్తున్న చేతులు ఆగిపోయాయి. ఆయన ఏడవలేదు, అయ్యో అనలేదు. "కిస్‌నే?" అన్నాడు.

మాకు తెలియదన్నాం.

"కౌన్ మారా, మాలూమ్ నహీఁ?" అని మళ్ళీ అడిగాడు. ఈసారి ఒక్కొక్కడి ముఖంలోకి చూస్తూ అడిగాడు. మేం తలలు అడ్డంగా ఊపాం. చేతిలో పిండి ముద్దను గిన్నెలో పెట్టి, భట్టిలోంచి మండుతున్న కట్టెలు బయటికి లాగి నీళ్ళు చల్లాడు. మధ్యాహ్నం పూట, లారీలు ఆగే వేళ, ఆయన పొయ్యి ఆర్పడం అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. "ఘర్ జావ్ బచ్చో. సీధా ఘర్ జావ్" అన్నాడు. మా క్షేమం కోసమే అంటున్నాడనుకున్నాను. ఎవరు కాల్చారన్న ప్రశ్న ఆయనకు ఎందుకంత ముఖ్యమైందో ఎరిగే వయసు కాదు నాది. ఆ జూన్‌లో అమృత్‌సర్ స్వర్ణ దేవాలయంలోకి సైన్యం పోయిందని రేడియోలో వినే ఉంటాను. దానికీ మా సడక్ పక్కనున్న ఈ మనిషికీ ఏ సంబంధమూ నా మనసులో లేదు.

ఆ రోజు ఎంత పొడుగ్గా గడిచిందో. ఆస్పత్రిలో ఉన్నదన్న మాటే తప్ప ఇంకేమీ తెలియదు. సడక్ మీద పోయే లారీవాళ్ళు పోయిందన్నారు. బీబీసీ చెప్పిందట అని ఒకరన్నారు. బీబీసీవాళ్ళకేం తెలుసు, మన రేడియో చెప్పాలె కద అని ఇంకొకరు. ఆకాశవాణి మాత్రం సినిమా పాటలు ఆపేసి ఏదో వాయిద్యం మోగిస్తూ ఉంది. మా కిరాణా షాపాయన రేడియోను అరుగు మీదికి తెచ్చిపెట్టాడు. నాయనమ్మ మధ్యాహ్నం నుంచీ అక్కడే గోడకానుకొని కూర్చుంది. సాయంత్రం ఆరు గంటల వార్తల్లో చెప్పారు. ఆ మాట కోసం అంతసేపు కూర్చున్నవాళ్ళే, చెప్పగానే ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు, సరిగ్గా విన్నామా అన్నట్టు.

నాయనమ్మ శోకాలు పెట్టింది. మా తాత చనిపోయినప్పుడు ఎట్లా పెట్టిందో అట్లాగే, రాగం తీసి. "నా తల్లీ, నా బిడ్డా, భూమి ఇచ్చిన చేతులు ఎక్కడ వెట్టిపోతివే" అంటుంటే చుట్టుపక్కల ఆడవాళ్ళంతా వచ్చి కలిశారు. ఎప్పుడూ చూడని మనిషి కోసం, ఒకసారి తెల్లచీర మాత్రం చూసిన మనిషి కోసం, ఇంటి ఆడబిడ్డ పోయినట్టు ఏడ్చారు. నాయన ఇంట్లో గుంజకు ఒరిగి కూర్చుని ఉన్నాడు. అమ్మ పెట్టిన పళ్ళెం ముందర అట్లాగే ఉంది. నాయనమ్మ గడప దాటి వస్తూనే ఆయన్ను చూసి, "ఇప్పుడు సల్లవడ్డవా రా?" అంది. నెలల తర్వాత కొడుకుతో నేరుగా అన్న మాట అది. నాయన జవాబు చెప్పలేదు. పళ్ళెం పక్కకు జరిపి, మోకాళ్ళలో తల పెట్టుకున్నాడు. నాయన ఏడవడం నేను చూసింది అదొక్కసారే.

మర్నాడు పేపరు వచ్చింది. కిరాణా షాపు ముందర మా బడిలో పదో తరగతి చదివే అన్న నిలబడి చదువుతుంటే ఊరంతా విన్నది. పొద్దున తొమ్మిదిన్నర కూడా కాకముందు, సఫ్దర్‌జంగ్ రోడ్డు ఒకటో నంబరు ఇంటి నుంచి పక్కనున్న ఆఫీసుకు నడిచి పోతోందట. పీటర్ ఉస్తినోవ్ అనే ఇంగ్లండు నటుడు టీవీ కోసం ఆమెతో మాట్లాడటానికి ఎదురుచూస్తున్నాడట. గేటు దగ్గరున్న ఆమె కాపలావాళ్ళే కాల్చారు. ముందురోజే భువనేశ్వర్ సభలో, నేను చచ్చిపోయినా నా ప్రతి నెత్తుటి బొట్టు దేశాన్ని బలపరుస్తుందని చెప్పి వచ్చిందట. అది వినగానే ఆడవాళ్ళు మళ్ళీ ఏడుపందుకున్నారు. అదే రోజు సాయంత్రం రాజీవ్‌గాంధీ ప్రధానిగా ప్రమాణం చేశాడు. నలభై ఏళ్ళ మనిషి.

"కాల్చినోళ్ళిద్దరూ సిక్కులు" అని చదివాడు ఆ అన్న.

"సిక్కులంటే?" అని ఎవరో అడిగారు.

"సర్దార్జీలు."

ఎవరూ ఏమీ అనలేదు. కానీ అక్కడున్న తలలన్నీ ఒక్కసారి సడక్ దిక్కు తిరిగాయి. నా తల కూడా.

పంచాయతీ ఆఫీసులో ఒక టీవీ ఉండేది, చెక్క తలుపులున్న నలుపు తెలుపు డబ్బా. ఆ మూడు రోజులూ దానికి తాళం పడలేదు. తీన్‌మూర్తి భవన్‌లో ఆమెను పడుకోబెట్టారు. ముఖం ఒకవైపు తిరిగి ఉంది. జనం వస్తూనే ఉన్నారు. పక్కన తెల్లబట్టల్లో రాజీవ్. ఆ జనంలోంచి కేకలు వినపడేవి. "జబ్ తక్ సూరజ్ చాంద్ రహేగా, ఇందిరా తేరా నామ్ రహేగా." ఇది మాకు వెంటనే పట్టుబడింది, పాటలాగా ఉంది కదా. దాంతోపాటు ఇంకొకటి వినపడేది. "ఖూన్ కా బద్‌లా ఖూన్." అదీ పట్టుబడింది. మా మెదక్ పిల్లలకు ఉర్దూ మాటలు కొత్త కాదు, నెత్తురుకు బదులు నెత్తురు అన్న అర్థం ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు. శోకం, ఆవేశం కలిసి చిన్నపిల్లల ఒంట్లోకి ఎట్లా పోతాయో నాకు ఆ టీవీ ముందర కూర్చున్నప్పుడు తెలిసింది. ఒళ్ళంతా వేడెక్కింది. ఏదో చేయాలనిపించింది.

శుక్రవారం పొద్దు వాలుతుండగా ఎనిమిది మందిమి దాబా దగ్గరికి పోయాం. గురువారం నుంచే మూసి ఉంది. మంచాలు లోపలికి పోయాయి. కుండ బోర్లించి ఉంది. రోడ్డు పక్క కంకర కుప్ప ఉండనే ఉంది. మొదటి రాయి ఎవడు వేశాడో నాకు గుర్తులేదు, మూడోదో నాలుగోదో నాది. "ఖూన్ కా బద్‌లా ఖూన్" అని అరుస్తూ విసిరాను. చెక్క తలుపు మీద పడి ఠంగున మోగింది. అప్పుడు లోపల ఒక గిన్నె కింద పడి గిరగిరా తిరిగి ఆగిన చప్పుడు వినపడింది.

లోపల మనిషి ఉన్నాడు.

ఎనిమిది మందిమీ ఒక్క పరుగు తీశాం. ఇంటికి వచ్చి గాబు దగ్గర చేతులు కడుక్కొని, మళ్ళీ కడుక్కున్నాను. ఎవరికీ చెప్పలేదు.

ఆ రాత్రి పంచాయతీ దగ్గర పడుచువాళ్ళు నలుగురు మాట్లాడుకుంటుంటే నాయనమ్మ చెవిన పడిందట. రేపు దహనం అయిపోయినంక దాబా సంగతి చూద్దామని. ఆమె ఇంటికి వచ్చి నాయనను లేపింది. నేను దుప్పట్లో కళ్ళు మూసుకొని వింటున్నాను. "ఆ తల్లి పేరు మీద ఇంకో తల్లికి కడుపుకోత వెట్టుతరా? లే. పోయి ఆయన్ని తోలేసి రా" అంది. నాయన చొక్కా తొడుక్కొని దండెం మీది గొంగడి తీసుకున్నాడు. అమ్మ రెండు జొన్నరొట్టెలు గుడ్డలో కట్టి ఇచ్చింది. చలిగాలి ఇంట్లోకి వచ్చి తలుపు మూసుకుంది. తెల్లవారి నేను లేచేసరికి నాయన వచ్చి పళ్ళు తోముకుంటున్నాడు, గొంగడి లేదు. జహీరాబాద్ లారీ ఆయన ఒకరు నాయనకు దోస్తు, ఆ లారీలో సర్దార్జీని తలమీద గొంగడి కప్పి బీదర్ గురుద్వారా దాకా పంపాడని అమ్మ తర్వాత ఎప్పుడో చెప్పింది.

శనివారం, నవంబరు 3న, శక్తిస్థల్‌లో చితికి కొడుకు నిప్పు పెట్టడం ఊరంతా కూర్చొని చూశాం. నాయనమ్మ ముందు వరసలో కూర్చుంది. మంటలు లేవగానే చేతులు జోడించి లేచి నిలబడింది. ఆమె వెంట అందరూ లేచారు. ఆ సాయంత్రం పడుచువాళ్ళు దాబాకు పోయారు. ఖాళీ గదులు చూసి, కుండ పగలగొట్టి వచ్చారు. నా మనసులో మిగిలింది ఆ కుండ పెంకులు.

టీవీలో మాకు ఢిల్లీ మంటలు చూపించలేదు. త్రిలోక్‌పురి, మంగోల్‌పురి, సుల్తాన్‌పురి అనే పేర్లు నేను వినడానికి ఏళ్ళు పట్టింది. ఆ నాలుగు రోజుల్లో ఒక్క ఢిల్లీలోనే 2,733 మంది సిక్కులను చంపారని ప్రభుత్వమే ఒప్పుకున్న లెక్క. మెడలో టైరు వేసి తగలబెట్టడం, ఓటరు జాబితాలు పట్టుకొని ఇల్లిల్లూ వెతకడం. డిగ్రీ చదివేటప్పుడు లైబ్రరీలో ఒక పాత పత్రికలో ఇది చదివి, బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుండిపోయాను. ఢిల్లీలో పట్టుకున్నది పెట్రోలు, మా ఊళ్ళో పట్టుకున్నది కంకర రాయి. అరిచిన మాట మాత్రం ఒకటే.

ఆ తర్వాత అన్నీ తొందరగా జరిగాయి. నెల తిరిగేసరికి భోపాల్‌లో గ్యాసు. డిసెంబరు చివర ఎన్నికలు. దేశమంతా సానుభూతి పొంగి కాంగ్రెస్‌కు నాలుగు వందల పైచిలుకు సీట్లు వచ్చాయి. మన రాష్ట్రంలో మాత్రం తెలుగుదేశం 30 గెలిచింది, అందులో ఇందిరమ్మ ఖాళీ చేసిపోయిన మెదక్ ఒకటి. ఓట్ల రోజున నాయనమ్మ పోలింగుకు పోలేదు. ఎందుకని అడిగితే, "ఎవరికెయ్యాలె? ఆమె లేదాయె" అంది. నాయన గెలిచిన పార్టీ మనిషే, అయినా పటాకులు కాల్చడానికి పోలేదు.

సంక్రాంతి దాటాక ఒక లారీ క్లీనరు మా ఇల్లు అడుక్కుంటూ వచ్చాడు. చేతిలో మా గొంగడి, నాలుగు మడతలు పెట్టి తాడుతో కట్టి ఉంది. విప్పితే లోపల ఒక డబ్బాలో హల్వా, గడ్డకట్టింది. నాయనమ్మ దాన్ని కొద్దిగా వేడిచేసి అందరికీ పెట్టింది. నేను తినలేదు, కడుపు నొస్తున్నదని చెప్పాను. ఆ చలికాలం ఏడో తరగతి పబ్లిక్ పరీక్షలకు అదే గొంగడి కప్పుకొని చదివాను. ఎంత ఎండలో వేసినా దాన్నుంచి భట్టి పొగ వాసన పోలేదు. సర్దార్జీ మళ్ళీ రాలేదు. సడక్ వెడల్పు చేసినప్పుడు ఆ చింతచెట్టూ పోయింది.

2005 ఆగస్టులో పార్లమెంటులో ప్రధాని మన్మోహన్ సింగ్ ఆ మారణకాండకు క్షమాపణ చెప్పారు. సిగ్గుతో తల వంచుతున్నానన్నారు. ఆ రోజు నేను ఊళ్ళోనే ఉన్నాను. నాయన పడక కుర్చీలో కూర్చుని టీవీ చూస్తున్నాడు. నాయనమ్మ పోయి అప్పటికి పదేళ్ళు. తలపాగా చుట్టుకున్న ఆ మనిషి మెల్లగా, తగ్గుగొంతుతో మాట్లాడుతుంటే నాకు గిన్నె తిరిగిన చప్పుడు వినపడింది. దాదాపు ఇరవై ఒక్క ఏళ్ళు దాచిన మాట నాయనతో చెప్పేశాను. ఆ శుక్రవారం దాబా మీద రాళ్ళేసినవాళ్ళలో నేనూ ఉన్నానని.

నాయన టీవీ మీది నుంచి చూపు తిప్పలేదు.

"తెల్సు. తలుపు సందులకెళ్ళి చూసిండట. లారీ ఎక్కేటప్పుడు చెప్పిండు నాకు."

నాకు మాట రాలేదు.

"ఛోటేను కొట్టకుమన్నడు" అన్నాడు నాయన. "అందుకే అడగలే."